తెల్ల రేకుల కింద జనం

ఎండ మీద పరిశోధన చేసేవాళ్ళుంటారంటే ఉస్మాన్ మొదట నమ్మలేదు. గిద్దలూరులో పుట్టినవాడికి ఎండ గురించి కొత్తగా తెలియాల్సింది ఏముంటుందని అతని బాధ. పంక్చర్ల దుకాణంలో పొద్దున్నుంచీ గాలి కొట్టి, మధ్యాహ్నం ఇంటికొస్తే రేకుల కింద పెనం మీద రొట్టెలా కాలేవాడు. అయినా యూనివర్సిటీ నుంచి నిలోఫర్ అనే పిల్ల వచ్చి, "చాచా, మీ రేకుల మీద తెల్ల పూత వేస్తాం, ఖర్చు మాదే" అనగానే తల ఊపాడు. ఊరికే వచ్చేదాన్ని వద్దనేంత చదువు అతను చదవలేదు.

పక్కనే బాబావలి ఇల్లు. అదే కొలత, అవే రేకులు. దానికి పూత వేయలేదు. నిలోఫర్ రెండిళ్ళ గోడలకూ చెరొక చిన్న పెట్టె తగిలించి, లోపలి వేడిని అది కొలుస్తుందని చెప్పింది. తేడా బాగా కనబడితే వీధి మొత్తానికి పూత వస్తుంది. కనబడకపోతే వాళ్ళ సారు వేరే ఊరు చూసుకుంటాడు.

ఉస్మాన్ ఇల్లు నిజంగానే చల్లబడింది. కష్టాలు అప్పుడే మొదలయ్యాయి. మొదట బాబావలి ఇంటిల్లిపాదీ చాపలతో సహా వచ్చారు. తరువాత ఎదురింటి నాగేంద్రమ్మ చల్లగా కూర్చుని చింతపండులో గింజలు తీసుకుంటానని తట్టతో వచ్చింది. ఆ వెనక వీధిలోని ముసలీ ముతకా. వచ్చినవాళ్ళను చాయ్ ఇవ్వకుండా పంపే అలవాటు ఉస్మాన్ భార్య సుగ్రా పుట్టింట్లోనే లేదట. స్టవ్ ఆరేది కాదు. కాళ్ళు చాపుకునే చోటు లేక ఉస్మాన్ గడప మీద కూర్చునేవాడు.

"లోపలికి రా భాయ్, ఎండ తగుల్తాది" అనేవాడు బాబావలి, పడుకునే.

"నా ఇంట్లోకి నన్నే పిల్చేంత గొప్పోడివైనావు. సంతోషం."

నెలాఖరున నిలోఫర్ వచ్చి, పెట్టెల లెక్కలు ఫోనులో చూసుకుని దిగాలు పడింది.

"మధ్యాహ్నం పూట పూత వేసిన ఇల్లే ఎక్కువ వేడిగా ఉంది చాచా. సారు చూస్తే పని ఆపేయమంటారు. ఎక్కడ తప్పు జరిగిందో అర్థం కావట్లేదు."

ఉస్మాన్ గుమ్మం వైపు చేయి చూపించాడు. గుమ్మం నిండా చెప్పులు. లోపల జనం, వాళ్ళ మధ్య ఉడుకుతున్న చాయ్ గిన్నె.

"నీ పూత తప్పేం లేదు బేటీ. ఇంతమంది ఊపిరి వదుల్తా, స్టవ్ మండుతా ఉంటే ఏ ఇల్లైనా ఉడుకుతాది. బాబావలి ఇంట్లో ఈగ గూడా లేదు. అది గూడా ఈడికే వచ్చినాది."

నిలోఫర్ నెత్తిన చేయి పెట్టుకుని నవ్వేసింది. "సరే, ఇంకో వారం కొలుస్తాను. వీళ్ళందరినీ రావొద్దనండి చాచీ."

"ఇంటికొచ్చినోళ్ళని పొమ్మనేందుకు నాకు నోరు రాదు" అంది సుగ్రా.

"అయితే పొమ్మనొద్దు. సగం మంది ఇక్కడ, సగం మంది అక్కడ కూర్చోండి. స్టవ్ బయట పెట్టండి."

పూత లేని ఆ బాబావలి ఇంట్లో ఉడుకుతూ కూర్చునేదెవరు? అందరూ రేకుల వైపు చూశారు.

"నాకు బీపీ ఉండాది నాయనా" అంది నాగేంద్రమ్మ.

"నాకు నడుము నొప్పి" అన్నాడు బాబావలి.

"అది నీ ఇల్లే గదరా."

"నా ఇల్లు గాబట్టే తెలుసు భాయ్, ఎట్ల ఉంటాదో."

ఉస్మాన్ లేచి నిలబడ్డాడు. "ఈ వీధికి మేలు చేసే ఉద్దేశం నాకేం లేదు. ఎవురి ఇల్లు వాళ్ళకు చల్లబడితే నా ఇల్లు నాకు మిగుల్తాది. నడవండి" అని బాబావలిని చెయ్యి పట్టుకుని లేవదీశాడు. సగం మంది విసనకర్రలు ఊపుకుంటూ, గొణుక్కుంటూ వెంట నడిచారు. నాగేంద్రమ్మ కూడా తట్ట ఎత్తుకుంది. వారమంతా మధ్యాహ్నాలు ఆ ఇంట్లో చెమటలు కక్కుతూ యూనివర్సిటీని, ఉస్మాన్‌ని వంతులేసుకుని తిట్టారు.

ఈసారి తేడా ఎంత బాగా కనబడిందంటే, నిలోఫర్ సారు ఫోన్లోనే సరేనన్నాడు.

పూత వేసేవాళ్ళు వచ్చిన రోజు ఉస్మాన్ దుకాణం మూసి, నిచ్చెన దగ్గరే నిలబడ్డాడు. "ముందు బాబావలి ఇంటికి వేయండి. రెండు సార్లు వేయండి. ఒక్క సందు మిగిలినా మళ్ళా చాప ఎత్తుకుని వస్తాడు."

మర్నాడు మధ్యాహ్నం అతను ఇంటి మధ్యలో కాళ్ళు బార్లా చాపుకుని పడుకున్నాడు. ఆ గురకకు నిద్ర చెడిందని బాబావలి గోడ అవతల్నుంచి తిడుతూనే ఉన్నాడు.