బొగ్గును రేవు దాటించిన రోజు

పాలకేంద్రంలో పాలు పోసి ఇంటికొచ్చిన నాగదుర్గకు పశువుల పాకలో దాణా బస్తా బోర్లాపడి కనిపించింది. గేదెల కోసం తెచ్చిన కొబ్బరి చెక్క, తవుడు కలిపిన దాణా అది. దూడ కట్టు తెంపుకుని బల్ల మీది బస్తాను లాగేసినట్టుంది. సగం దాణా నేలపాలై ఉండాలి, కానీ నేల మీద పిడికెడు కూడా లేదు. తొట్టి దగ్గర బొగ్గు ఆగకుండా నీళ్ళు తాగుతోంది. దాని మూతి నిండా తవుడే.

బొగ్గు వాళ్ళ కుక్క. పేరుకు తగ్గట్టు నల్లగా, వెడల్పాటి ఛాతీతో ఉంటుంది. ముక్తేశ్వరం దగ్గర, గోదావరి పాయకు అవతలి లంకలో వాళ్ళ ఇల్లు. నాగదుర్గ భర్త అంతర్వేది వైపు రొయ్యల చెరువుల మీద పనిచేస్తూ వారానికోసారి వస్తాడు. మిగతా రోజుల్లో ఇంట్లో ఉండేది నాగదుర్గ, ఆమె అత్తగారు అచ్చమ్మ, మూడు గేదెలు, ఈ కుక్క. పోయినేడు వరదకు పశువుల్ని గట్టెక్కించినప్పుడు చూడి గేదె బెదిరి నీళ్ళలోకి దిగబోతే, బొగ్గు దానికి అడ్డం తిరిగి, మనుషులు వచ్చేదాకా అరుస్తూ నిలబెట్టింది. ఆ గేదె పాలమీదే ఇప్పుడు ఇల్లు నడుస్తోంది.

కుక్క కాస్త ఎక్కువ తింది, సాయంత్రానికి అదే సర్దుకుంటుందనుకుని నాగదుర్గ పాక ఊడ్చే పనిలో పడింది. అచ్చమ్మ మాత్రం అరుగు మీద కూర్చుని కుక్కనే చూస్తోంది. బొగ్గు ఒకచోట నిలవడం లేదు. పడుకుంటుంది, వెంటనే లేస్తుంది, ముందుకాళ్ళు చాచి మెడ సాగదీసి కక్కబోతుంది. ఏమీ రాదు. చొంగ మాత్రం తీగలా సాగి నేలకు దిగుతోంది.

"ఇలా రావే నాగదుర్గా," అంది అచ్చమ్మ. "ఇది తిన్నదరక్క కక్కడం కాదు. నురుగు తప్ప మెతుకు రావట్లేదు. డొక్క చూడు, ఎలా ఎత్తుకొచ్చేసిందో."

నాగదుర్గ వచ్చి దాని పొట్ట మీద చెయ్యి వేసింది. డప్పు మీద వేసినట్టుంది. వేలితో తడితే బోలుగా మోగింది. బొగ్గు మూలిగి పక్కకు తప్పుకుంది.

గేదె ఉబ్బితే పోసినట్టే అచ్చమ్మ గొట్టంలో నూనె పట్టుకొచ్చింది. కానీ నాగదుర్గ ముందు పశువుల డాక్టరుకు ఫోన్ చేసింది. ఆయన గాలికుంటు టీకాలు వెయ్యడానికి దూరపు ఊళ్ళో ఉన్నాడు. సంగతంతా విని, కక్కబోతే ఏమైనా వస్తోందా అని ఒకటికి రెండుసార్లు అడిగాడు. రావట్లేదంటే ఆయన గొంతు మారింది.

"నూనె పొయ్యకండమ్మా. నీళ్ళు కూడా పట్టొద్దు. ఇలా ఉబ్బితే ఒక్కోసారి కడుపు లోపల మెలి తిరిగిపోద్ది. దానికి ఆపరేషనే మార్గం, నా దగ్గర ఆ సదుపాయం లేదు. అమలాపురంలో గాయత్రి అని డాక్టరమ్మ ఉన్నారు, ఆవిడకి నేను చెప్తాను. మీరు ఇప్పుడే బయల్దేరండి."

కంచె అవతలనుంచి వింటున్న పక్కింటివాళ్ళు, నాటుకుక్కకు ఆపరేషనేమిటని నవ్వారు. పిల్ల కావాలంటే తమ కుక్క ఈనినప్పుడు ఇస్తామన్నారు. నాగదుర్గ లోపలికెళ్ళి పాత దుప్పటి తెచ్చి నేల మీద పరిచి, బొగ్గును మెల్లగా దాని మీదికి జరిపింది. పొట్ట నొక్కుకుపోకూడదు కనుక భుజాన వేసుకునే వీల్లేదు. రెండోవైపు పట్టుకోవడానికి ఎవరిని పిలవాలా అని చూస్తుంటే అచ్చమ్మే వంగి దుప్పటి కొసలు పట్టుకుంది. మోకాళ్ళ నొప్పులతో గుమ్మం దాటడానికే ఆలోచించే మనిషి. ఆ కుక్కను ఏనాడూ అరుగు ఎక్కనివ్వని మనిషి. రేవు దాకా ఒక్కచోట కూడా దించమనలేదు.

గోదావరికి వరద ఎర్రనీరు వచ్చి పాయ నిండుగా పారుతోంది. రేవు దాటించే ఇశ్రాయేలు పడవలో కొబ్బరికాయల బస్తాలు ఎక్కిస్తున్నారు. ఇంకా సగం బస్తాలు ఒడ్డునే ఉన్నాయి. దుప్పట్లో కుక్కను చూసి ఇశ్రాయేలు చేతిలో బస్తా కిందపెట్టేశాడు. ఏమైందో నాగదుర్గ చెప్పీచెప్పకముందే పడవ తాడు విప్పాడు. కాయల వ్యాపారి, కుక్క కోసం తన సరుకు వదిలేస్తారా అని అడ్డం వచ్చాడు.

"కాయలు సాయంత్రానిక్కూడా కాయలేనండి," అన్నాడు ఇశ్రాయేలు. "మళ్ళీ వచ్చి ఎక్కించుకుంటాను."

అచ్చమ్మ ఒడ్డునే ఆగింది. గేదెల సంగతి తను చూసుకుంటానని, బొగ్గు లేచేదాకా ఇంటికి రావద్దని కోడలికి చెప్పింది.

అవతలి ఒడ్డున ఒక ఆటో ఉంది. కుక్క చొంగ, నురుగు చూసి, ఇది పిచ్చికుక్కలా ఉందని డ్రైవరు ఎక్కించుకోనన్నాడు. నాగదుర్గ బతిమాలబోయింది. ఇశ్రాయేలు ఆమెను ఆపి, రేవులో చెట్టుకింద పెట్టుకున్న తన మోటారుసైకిల్ తీశాడు. పడవను, తోడు వచ్చిన తన తమ్ముడికి అప్పగించాడు. నాగదుర్గ వెనక కూర్చుని, బొగ్గును దుప్పటితో సహా ఒళ్ళో అడ్డంగా పెట్టుకుంది.

అయినవిల్లి దాటాక రోడ్డు కాలవ పక్కనే సాగుతుంది. గతుకు వచ్చినప్పుడల్లా ఇశ్రాయేలు ముందే చెబుతున్నాడు, ఆమె కుక్కను చేతులతో లేపి పట్టుకుంటోంది. దాని ఊపిరి చిన్నచిన్న ముక్కలుగా వస్తోంది. చిగుళ్ళు తెల్లబడ్డాయి. ఒకచోట తల వాల్చేసింది. నాగదుర్గ చెవి పట్టుకుని పేరు పెట్టి పిలిచింది. కళ్ళు తెరిచింది. అక్కణ్ణించి అమలాపురం దాకా ఆమె పిలవడం మానలేదు. అరిచి అరిచి గొంతు రాసుకుపోయింది.

గాయత్రి తన ఆసుపత్రి గుమ్మంలోనే నిలబడి ఉంది. ముప్పై ఏళ్ళు దాటని మనిషి. కుక్కను బల్ల మీద పడుకోబెట్టి, నోట్లోంచి గొట్టం దించబోయింది. గొట్టం కొంత దూరం వెళ్ళి ఆగిపోయింది. తిప్పి చూసింది, మళ్ళీ ఆగింది. అప్పుడు డొక్క దగ్గర బొచ్చు గీసి లావుపాటి సూది దించింది. సైకిల్ ట్యూబులోంచి గాలి పోయినట్టు సుయ్‌మని మోత వచ్చి, గదంతా పులిసిన కొబ్బరి చెక్క వాసన నిండింది. బొగ్గు పొడుగ్గా ఒక ఊపిరి తీసింది.

తగ్గిపోయిందనుకుని నాగదుర్గ దాని తల నిమరబోయింది. గాయత్రి తల అడ్డంగా ఊపింది.

"గాలి మళ్ళీ నిండుతుందండీ. కడుపు మెలిపడింది, విప్పి తీరాలి. మీకో మాట దాచకుండా చెప్తాను. ఈ ఆపరేషన్ చదువుకునేటప్పుడు మా సారు పక్కన నిలబడి చేశాను. ఒక్కదాన్నే ఎప్పుడూ చెయ్యలేదు. కాకినాడలో చేసేవాళ్ళున్నారు."

"కాకినాడ దాకా ఇది ఉంటుందాండీ?"

గాయత్రి కుక్క తొడ లోపల వేళ్ళు పెట్టి నాడి చూసింది.

"ఉండదనుకుంటున్నాను."

"అయితే మీరే చెయ్యండి మేడమండీ," అంది నాగదుర్గ. "పోతే పోయిందని మిమ్మల్ని ఒక్క మాట అనను. దారిలో నా ఒళ్ళో పోవడానికి మాత్రం నేను దీన్ని ఇంత దూరం తేలేదు."

గాయత్రి ఫోన్ తీసి తన మాస్టారితో కాసేపు మాట్లాడింది. పెట్టేసి జుట్టు ముడేసుకుంది. ఆ రోజు ఆమెకు సహాయకురాలు ఒక్కరే. ఇంకో మనిషి కావాలని, చూడగలరా అని నాగదుర్గను అడిగింది. గేదె ఈనలేకపోతే చెయ్యి పెట్టి దూడను లాగినదాన్నని చెప్పి నాగదుర్గ చేతులు కడుక్కుంది. సెలైన్ సీసా ఎత్తి పట్టుకోవడం, ఛాతీ లేస్తోందో లేదో చూస్తూ చెప్పడం ఆమె పని. ఇశ్రాయేలు బయట బల్ల మీద కూర్చుని, చేతులు జోడించి కళ్ళు మూసుకున్నాడు.

మత్తిచ్చి పొట్ట కోశాక కనిపించినదాన్ని నాగదుర్గ ఎప్పటికీ మరిచిపోలేదు. కడుపు సంచీ తన మీద తనే తిరగబడి, ఒకవైపంతా నేరేడుపండు రంగులోకి పోయి ఉంది. గాయత్రి రెండు చేతులూ లోపలికి పోనిచ్చి, పట్టు దొరక్క ఆగి, మళ్ళీ పట్టుకుని నెమ్మదిగా తిప్పింది. ఈసారి గొట్టం దిగింది. అందులోంచి నీళ్ళు, పిండి, నానిన చెక్క వస్తూనే ఉన్నాయి. సహాయకురాలు బకెట్ మార్చింది.

అంతా ఖాళీ అయ్యాక గాయత్రి చేతులు ఆపేసింది.

"ఇప్పుడు రంగు తిరగాలి," అంది మెల్లగా. "తిరిగితే ఆ భాగం బతికే ఉన్నట్టు. తిరక్కపోతే అంత మేరా కోసెయ్యాలి. అప్పుడు తట్టుకోవడం కష్టం."

వేడినీటిలో ముంచిన గుడ్డ కప్పారు. ముగ్గురూ దాన్నే చూస్తూ నిలబడ్డారు. నాగదుర్గ చెయ్యి లాగేస్తోంది, అయినా సీసా దించలేదు. ఛాతీ లేస్తోందని మాత్రం చెబుతూ ఉంది. గుడ్డ తీసిన మొదటిసారి తేడా లేదు. రెండోసారి అంచు దగ్గర నలుపు కాస్త విరిగినట్టనిపించింది. గాయత్రి మళ్ళీ కప్పింది. ఆ తర్వాత గుడ్డ తీసేసరికి అంచునుంచి లోపలికి, తడిసిన నేల మీద నీళ్ళు పాకినట్టు, ఎరుపు పాకుతోంది.

"వస్తోందండీ," అంది నాగదుర్గ.

"ఆయ్, వస్తోంది," అంది గాయత్రి. మాస్కు మీద ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. వెంటనే సూది అడిగింది. మళ్ళీ మెలిపడకుండా కడుపు సంచీని పొట్ట లోపలి గోడకు కుట్టింది, తర్వాత పొట్ట మూసింది.

ప్రమాదం ఇంకా పోలేదని, గుండె లయ తప్పే అవకాశముందని, కొన్నాళ్ళు ఇక్కడే ఉంచాలని గాయత్రి చెప్పింది. నాగదుర్గ అక్కడే ఉంటానంది. ఇశ్రాయేలు రేవుకు వెళ్ళి కాయల బస్తాలన్నీ దాటించాడు. అచ్చమ్మ ఫోన్ చేసి, కోడలిని తప్ప ఎవరినీ పొదుగు ముట్టుకోనివ్వని గేదె తనను ఒక తన్ను తన్నిందని, అయినా చెంబు నిండేదాకా వదల్లేదని చెప్పింది. బొగ్గు సంగతి అడిగి, బతికే ఉందని విన్నాక, అది ఏం తినొచ్చో డాక్టరమ్మను కనుక్కోమంది.

మర్నాడు బొగ్గు గుండె రెండుసార్లు గాడి తప్పింది. రెండుసార్లూ గాయత్రి మందెక్కించి దారికి తెచ్చింది. ఆ మరునాడు అది తల ఎత్తి, నాగదుర్గ చేతిలోని పలచటి జావ నాకింది. కట్టు మార్చినప్పుడు డాక్టరమ్మ మీద గుర్రుమంది కూడా. ఇన్ని రోజుల్లో తను విన్న మంచి మాట ఇదేనంది గాయత్రి.

ఇంటికి తెచ్చిన రోజు పడవ లంక ఒడ్డుకు తగలగానే బొగ్గు దూకబోయింది. నాగదుర్గ పొట్టకింద తువ్వాలు పెట్టి పట్టుకుని, మెల్లగా దించింది. అది గట్టు ఎక్కడానికి తొందరపడుతోంది, ఆమె వెనక్కి లాగుతోంది. కుట్లు మానేదాకా పరిగెత్తకూడదు. ఒక్కో అడుగూ వేయిస్తూ, ఆగినచోట తనూ ఆగుతూ, బొగ్గును ఇంటిదాకా నడిపించుకుపోయింది.