మోకాలి వెనక మూడు గీతలు

నీళ్ళ శాఖలో ఆయన్ని అందరూ చెవులాయన అంటారు. భూమిలో ఎక్కడో గొట్టం చిట్లి నీరు కారిపోతుంటే, పైన నిలబడి విని పట్టుకోవడమే ఆయన ఉద్యోగం. చేతిలో ఇనుప కడ్డీ, దాని పై చివర చెవికి ఆనించుకునే చెక్క డిప్ప. కడ్డీని రోడ్డు మీద నిలబెట్టి, డిప్పకి చెవి పెట్టి, కళ్ళు మూసుకుని వింటాడు. చోటు దొరికితే సుద్దముక్కతో మూడు గీతలు గీస్తాడు. ఆ గీతలున్నచోట తవ్వాలని పలుగులు పట్టుకున్నవాళ్ళకి తెలుసు. ఇంత గొప్ప చెవులూ ఇంటికొచ్చేసరికి మూసుకుపోతాయి. "ఊరి కింద గొట్టాలన్నీ వినిపిస్తాయి, నా మాట ఒక్కటే వినబడదు" అని భార్య పెళ్ళయినప్పటినుంచీ దెప్పుతూనే ఉంది.

ఆవిడ మాట వినుంటే ఇంతదూరం వచ్చేదే కాదు. ఎడమ మడమ కింద నల్లమచ్చ కనిపించి రెండేళ్ళయింది. బూటు ఒరుసుకుని కమిలిందన్నాడాయన. డాక్టరుకి చూపించమంటే పెడచెవిన పెట్టాడు. మచ్చ అంచులు చెదిరి, ఒకరోజు మేజోడుకి రక్తం అంటుకున్నాక గానీ ఆస్పత్రి మెట్లెక్కలేదు మహానుభావుడు. ముక్క తీసి పరీక్షకి పంపారు. మెలనోమా అన్నారు. చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్.

ఆపరేషన్ చేయబోయే డాక్టరమ్మ కాగితం మీద కాలి బొమ్మ గీసి చెప్పింది. "మచ్చ చుట్టూ ఇంకాస్త చర్మం తీసేస్తాం. దాంతోపాటు ఒక గ్రంథి కూడా తీసి చూడాలి. మచ్చలోంచి చెడ్డ కణాలు బయల్దేరితే చాలావరకు ముందు చేరేది లింఫ్ గ్రంథుల్లోకే. దారిలో మొదట తగిలేదాన్ని కాపలా గ్రంథి అంటాం. అది శుభ్రంగా ఉంటే చాలావరకు ఊపిరి పీల్చుకోవచ్చు."

"అది ఎక్కడుందో ఎలా తెలుస్తుందండీ?" అంది భార్య.

"మడమ దగ్గర కొంచెం రేడియోధార్మిక మందు ఎక్కిస్తాం. అది ఎటు పోయి ఎక్కడ ఆగిందో కెమెరాలో కనిపిస్తుంది. ఆపరేషన్ బల్ల మీద చిన్న కడ్డీలాంటి యంత్రం ఆనిస్తే, మందు ఉన్నచోట కూతపెడుతుంది. పాదం మీద మచ్చలకి సాధారణంగా గజ్జల్లోనే దొరుకుతుంది."

చెవులాయన ఆ వారంలో మొదటిసారి నవ్వాడు. "అయితే మీదీ నా పనేనన్నమాట, డాక్టరమ్మా!"

ఆపరేషన్ ముందురోజు మధ్యాహ్నం ఆయనకి ఏమీ తోచలేదు. ఇళ్ళలో కుళాయిలకి వాడే పొట్టి కడ్డీ తీసుకుని మంచం మీద కూర్చున్నాడు. వేళాకోళానికే పాదం మీద ఆనించి విన్నాడు. ఏమీ లేదు. గజ్జల దగ్గర తన నాడి తనకే వినిపించింది. కాలు మడిచి మోకాలి వెనక మెత్తటి గుంటలో ఆనించాడు.

అక్కడ ఒక చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు ఆయనకి ముప్పై ఏళ్ళ పరిచయం. సన్నటి పగులులోంచి నీరు జారే చప్పుడు. నాడితో దానికి సంబంధం లేదు. ఎక్కడా ఆగకుండా, తెరిపి లేకుండా జారుతూనే ఉంది.

"ఏమే, ఒకసారి ఇలా రా. నువ్వు విను."

ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి డిప్పకి చెవి పెట్టింది. ఒక్క క్షణం విని తల వెనక్కి లాక్కుంది. "ఎవరో పక్కనే కూర్చుని వేడిపాలు ఊదుకుంటున్నట్టుందండీ. అవతల పారేయండి దాన్ని, నాకు భయమేస్తోంది."

ఆయన భయం వేరు. మోకాలంటే వంపు. గొట్టం వంపు తిరిగినచోట ఆగి వినందే అడుగు ముందుకి వేయకూడదన్నది వాళ్ళ పనిలో మొదటి కట్టుబాటు. పగులు వంపు దగ్గరుంటే, చప్పుడు వంపు దాటి పోయి ఇంకెక్కడో గట్టిగా మోగుతుంది. గట్టిగా మోగినచోట తవ్వితే పొడిమట్టే. ఈ పాఠం నేర్పినవాడు పెద్దన్న. తోడబుట్టినవాడు కాదు గానీ అంతకంటే ఎక్కువ. ఎప్పుడో ఇనుపమూత కింద పడి అతని కుడి బొటనవేలు నలిగిపోయింది. అందుకే అతను గీసే మూడు గీతల్లో మూడోది ఎప్పుడూ వెనక్కి వాలిపోయేది. శాఖలో అలా గీసేవాడు ఇంకొకడు లేడు.

పంతొమ్మిదేళ్ళ కిందట ఒక మిట్టమధ్యాహ్నం, ఆకలితో కళ్ళు తిరుగుతుంటే, చెవులాయన ఒక వంపు దగ్గర ఆగకుండా దాటిపోయాడు. ముందు గట్టిగా మోగినచోట గీతలు గీసి భోజనానికి వెళ్ళిపోయాడు. ఆ గీతల్ని నమ్మి తవ్విస్తూ పెద్దన్న సరిగ్గా ఆ వంపు మీదే నిలబడ్డాడు. కింద మట్టంతా నీళ్ళకి కొట్టుకుపోయి డొల్లయింది. రోడ్డు కుంగి అతన్ని మింగేసింది. అందరూ ప్రమాదమన్నారు. వంపు దగ్గర తాను ఆగలేదన్న మాట చెవులాయన ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్న భార్యకి కూడా.

మర్నాడు పొద్దున్నే మోకాలి వెనక గీతలు గీద్దామని సుద్దముక్క తీశాడు. "బుద్ధుందా మీకు? డాక్టరమ్మ నవ్విపోతుంది" అని భార్య కసిరితే చొక్కా జేబులో పడేసుకున్నాడు. ఆస్పత్రిలో చొక్కా విప్పించి, సంచిలో పెట్టి ఆవిడ చేతికిచ్చారు.

మడమ దగ్గర నాలుగు సూదులు పొడిచాక, స్కాన్ గదిలో అమ్మాయి కెమెరాని గజ్జల మీదకి దించింది. తెర మీద ఒక చుక్క వెలిగింది. "దొరికింది బాబాయ్!" అని అక్కడ సిరాతో గుర్తు పెట్టింది.

"మోకాలి వెనక కూడా ఒకసారి చూడకూడదామ్మా?"

"ఎందుకూ, అక్కడేమైనా నొప్పా?"

చప్పుడు వినిపించిందని చెప్పాలి. చెబితే పిచ్చివాడనుకుంటుంది. "ఏం లేదులే" అన్నాడు.

వార్డులో నర్సు నడుం నుంచి కాలివేళ్ళ దాకా మందునీళ్ళతో రెండుసార్లు రుద్ది తుడిచింది. బల్ల మీద పడుకోబెట్టి ముక్కు మీద మాస్కు పెడుతుంటే ఆయనకి ఒక్కసారిగా తెలిసొచ్చింది. మళ్ళీ వంపు దాటిపోతున్నాడు. అప్పుడు ఆకలి, ఇప్పుడు సిగ్గు. "డాక్టరమ్మా, మోకాలి..." అనబోయాడు. మత్తు ఆ మాటని పూర్తి కానివ్వలేదు. మాస్కు అవతల ఎవరో వేడిపాలు ఊదుకుంటున్నారు.

మెలకువ వచ్చేసరికి పాదానికి కట్టు, గజ్జల్లో కట్టు. మోకాలి వెనక ఇంకో కట్టు. ఆయన దాన్ని వేళ్ళతో తడిమి చూసుకున్నాడు.

రెండు వారాల తర్వాత రిపోర్టులు వచ్చాయి. డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"గజ్జల్లో గ్రంథి శుభ్రంగా ఉంది. మోకాలి వెనక దాంట్లో మాత్రం కణాలున్నాయి. ఆవగింజంత కూడా లేవు, కానీ ఉన్నాయి. తెలిసింది కాబట్టి వెంటనే మందులు మొదలుపెడదాం. తెలియకపోయుంటే, ఏ భయమూ లేదని చెప్పి మిమ్మల్ని ఇంటికి పంపేసేదాన్ని." ఆవిడ బల్ల మీది తెరని భార్యాభర్తల వైపు తిప్పింది. "నిజం చెప్పాలంటే ఇది తెలిసింది మోకాలి వెనక మీరు గీతలు గీయబట్టే. కాలు తిప్పుతుంటే కనిపించాయి. ఎంత తుడిచినా పోలేదు. సరే చూద్దామని యంత్రం ఆనిస్తే సన్నగా కూసింది."

రికార్డు కోసం తీసిన ఫొటోని తెర మీద చూపించింది. మోకాలి మడతలో తెల్లగా మూడు గీతలు. మూడోది వెనక్కి వాలిపోయి ఉంది.

బయట వరండాలో బెంచీ మీద కూలబడ్డాక భార్య సంచి తెరిచింది. ఆస్పత్రిలో విప్పిన చొక్కా ఆ రోజునుంచీ అందులోనే ఉంది. జేబులోంచి సుద్దముక్క తీసింది. చివర అరగనే లేదు.

"మీరు గీయలేదు. నేను గీయలేదు. మరెవరండీ?"

"పెద్దన్న."

"ఆయన పోయి పంతొమ్మిదేళ్ళయింది కదా!"

"నా వల్లే పోయాడు. ఆ రోజు వంపు దగ్గర నేను ఆగి వినలేదే. ఆకలేస్తోందని దాటి వెళ్ళిపోయాను." వచ్చేపోయేవాళ్ళు చూస్తున్నారని కూడా లేకుండా ఆయన వెక్కివెక్కి ఏడ్చాడు. "నేను ఆగనిచోట పెద్దన్న నాకోసం ఆగాడే."

ఆవిడ ఈసారి దెప్పలేదు. సుద్దముక్కని ఆయన చేతిలో పెట్టి, వేళ్ళు మూసి, అలాగే పట్టుకుని కూర్చుంది.