మెషీన్ పక్కన చెప్పులు

మేనకోడలికి గండం తప్పిందని తెలిశాకే అతనికి కోపం వచ్చింది. అంతవరకూ ఉన్నది భయమే.

అతను ఎలక్ట్రీషియన్. పదహారేళ్లుగా ఊరందరి ఇళ్లకూ వైర్లు లాగుతున్నాడు. అలాంటివాడి సొంత అక్క ఇంట్లో, ఏడేళ్ల పిల్ల తడికాళ్లతో వెళ్లి వాషింగ్ మెషీన్ మూత పట్టుకుంటే షాక్ కొట్టి విసిరేసింది. గోడకు తగిలి నుదురు చిట్లింది. మూడు కుట్లు పడ్డాయి.

ఆ మెషీన్ బావ విదేశం నుంచి ముచ్చటపడి తెప్పించుకున్నది. దాని ప్లగ్గు గోడ సాకెట్లో పట్టకపోతే బజారులో రెండు పిన్నుల అడాప్టర్ కొని తగిలించాడు. ఇక లీకైన కరెంటును భూమిలోకి పంపే ఎర్త్ అన్న మాటే లేదు. మెషీన్ పక్కన నేలమీద ఒక జత రబ్బరు చెప్పులు. ఎవరు ముట్టుకోవాలన్నా ముందు అవి వేసుకోవాలట. ఇంటిల్లిపాదికీ అదే జత. పిల్ల ఇవాళ మరిచిపోయింది. కన్నకూతురి ప్రాణం ఆ చెప్పులకు అప్పజెప్పి ఎనిమిది నెలలు హాయిగా బట్టలు ఉతుక్కున్నారు మహానుభావులు!

అతను మెయిన్ బాక్స్ మూత తీశాడు. ట్రిప్ స్విచ్ లేదు. మనిషికి కరెంటు తగిలిన మరుక్షణం దానంతటదే పడిపోయి సరఫరా ఆపేసే స్విచ్ అది. ఇల్లు కట్టినప్పుడు తన చేత్తో బిగించాడు. ఇప్పుడు దాని చోట రెండు వైరు ముక్కలు, వాటికి చుట్టిన నల్లటేపు.

"ఎవడు తీశాడు దీన్ని? వాడి చేతులు విరగ్గొడతాను."

బావ గుమ్మంలో నిలబడి నేలచూపులు చూస్తున్నాడు. అతను జీవితంలో మొదటిసారి బావను నోటికొచ్చినట్టు తిట్టాడు. చదువుకుని ఏం లాభమన్నాడు, మెషీన్ మీద ఉన్న మోజు కూతురి మీద లేదా అన్నాడు. బావ ఒక్క మాటా తిరిగి అనలేదు. దాంతో అతనికి ఇంకా ఒళ్లు మండింది.

అక్క వంటింట్లోంచి వచ్చింది.

"ఆయన్నేమీ అనకు. తీసేయించమన్నది నువ్వే."

"నేనా?"

"మెషీన్ ముట్టుకున్నప్పుడల్లా ఇంట్లో కరెంటు పోతోందని ఫోన్ చేశానా? స్విచ్ పాడై ఉంటుంది, ప్రస్తుతానికి డైరెక్ట్‌గా కలిపించుకో, ఆదివారం వచ్చి చూస్తానన్నావు. వీధి చివరి మెకానిక్ చేయనంటే చేయనన్నాడు. నీ పేరు చెబితేనే కలిపాడు."

గుర్తొచ్చింది. ఎక్కడో పరంజా మీద ఉన్నాడు, ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని. ముట్టుకున్నప్పుడల్లా అని అక్క స్పష్టంగానే చెప్పింది. ఈ పనిలో పండిపోయినవాడికి ఆ ఒక్క మాట చాలదూ? స్విచ్ పాడవలేదు. మెషీన్‌లో కరెంటు లీకవుతుంటే ప్రతిసారీ అక్కను కాపాడింది అదే. దాన్ని పీకించింది తను. ఆ తర్వాత ఎన్నో ఆదివారాలు వచ్చి, అక్క చేతి భోజనం తిని, చేయి కడుక్కుని వెళ్లాడు. ఒక్కసారి బాక్స్ మూత తీయలేదు. బావ నోరు విప్పనిది తన పరువు కోసమేనని ఇప్పుడర్థమైంది. తన మీద తనకే అసహ్యం వేసింది.

అడాప్టర్ ఊడబెరికి నేలకేసి కొట్టాడు. సాయంత్రానికల్లా మెషీన్‌లో లీకవుతున్న వైరు మార్చి, మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్త్ వైరు, కొత్త ట్రిప్ స్విచ్ బిగించాడు. నుదుటి కట్టుతో మేనకోడలు వచ్చింది. ముందుగా ఆ చెప్పుల్లో కాళ్లు దూర్చి, అప్పుడు అతని దగ్గరికి నడిచింది.

"చేతులు విరగ్గొడతానన్నావుగా మామయ్యా, వాడు దొరికాడా?"

"దొరికాడమ్మా," అన్నాడు, స్క్రూడ్రైవర్ కింద పెట్టి.