ఉప్పునీళ్ల చెంబు

పొద్దున్నే వాకిట్లో కల్లాపి చల్లి, సంగటికి ఎసరు పెట్టి, శిల్పశ్రీ ఒక స్టీలు చెంబు నిండా నీళ్లు ముంచుకొని అరుగు మీద కూర్చునేది. చెంబు పక్కన ఫోను పెట్టుకొని గవ్వలు చూసేది. క్యాతగానచెర్లులో ఆ వేళకు అందరికీ ఏదో ఒక పని ఉంటుంది. కొందరు సోలారు పార్కులో కరెంటు పలకలు కడగడానికి పోతారు. కొందరు పలకల కింద మొలిచిన గడ్డి కోయడానికి పోతారు. శిల్పశ్రీ గవ్వలు చూస్తుందని ఊళ్లో అందరికీ తెలుసు.

ఆమె సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు. కానీ ఫోనులో గవ్వల సంగతులకు కొదవ లేదు. లోకంలోని గవ్వల పేర్లన్నీ ఒకచోట చేర్చిన సైటు ఉంది. పాత పుస్తకాల్లోని రంగుబొమ్మలను పేజీ పేజీగా ఎక్కించిన సైటు ఉంది. ఎక్కడెక్కడి జనమో తమకు దొరికిన గవ్వ ఫొటో పెట్టి, ఇదేమిటో చెప్పండని అడిగే సైటు ఒకటుంది. ఆమె దాంట్లో చేరి, తెలిసినవాటికి జవాబు రాసేది. శంఖాన్ని కొన పైకి నిలబెట్టి చూస్తే నోరు కుడికి తెరుచుకుందా, ఎడమకా? పెదవి పలచనా, మందమా? మచ్చలు వరసగా ఉన్నాయా, చెదిరాయా? ఇట్లా ఒక్కొక్కటే చూసుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట పేరు దొరికేది.

చూస్తున్న గవ్వలో ప్రాణముంటే చెంబులో నీళ్లు ఉప్పగా మారేవి. ఖాళీ గవ్వయితే మారేవి కావు. మొదటిసారి తెలియక ఆ నీళ్లు తాగిన అత్త నల్లమ్మ, వాకిట్లో ఉమ్మేసి, "ఈ చెంబు వేరేగా పెట్టుకోమ్మే" అంది. అంతకుమించి ఎవరూ ఏమీ అనలేదు. పక్కింటి నేత్రావతి అప్పుడప్పుడు గిన్నె పట్టుకొని వచ్చేది.

"ఈపొద్దు బతికిండేవి ఏమన్నా వచ్చినాయా శిల్పా? చింతకాయ ఊరేయల్ల."

"వచ్చినాయక్కా. పోసుకో."

కొచ్చిలో ఒకాయన గాజుతొట్టిలో పెంచుకునే సముద్రపు నత్త ఫొటో పెట్టాడు. ఎండాకాలమంతా ఆ ఫొటో తెరిచినప్పుడల్లా నీళ్లు ఉప్పయ్యేవి. ఒకరోజు చప్పగానే ఉండిపోయాయి. ఏమైందని ఆమె రాసి అడిగితే, రాత్రే చచ్చిపోయిందని ఆయన జవాబిచ్చాడు.

గవ్వను నల్లగుడ్డ మీద పెట్టి, పక్కన స్కేలు ఉంచి ఫొటో తీయాలని ఆ సైటులో చెప్తారు. ఎవరైనా అరచేతిలో పట్టుకొని తీస్తే శిల్పశ్రీకి తికమకయ్యేది. చేతికీ ప్రాణముంటుంది కాబట్టి గవ్వ ఖాళీదైనా నీళ్లు ఉప్పయ్యేవి. అసలు గవ్వే లేని ఫొటోకు మాత్రం ఏమీ అయ్యేది కాదు. నల్లమ్మ తన కొడుకు పెళ్లిఫొటో తెచ్చి చెంబు ముందు పెట్టి పొద్దు గూకేదాకా కూర్చుంది. నీళ్లు నీళ్లుగానే ఉన్నాయి. ఆమె ముఖం చూసి నేత్రావతి తన ఫొటో కూడా పెట్టింది. అప్పుడూ మారలేదు.

"చూడు పెద్దమ్మా, నేను బతికే కదా ఉండాను" అంది నేత్రావతి. నల్లమ్మ పెళ్లిఫొటోను కొంగుతో తుడిచి లోపల పెట్టుకుంది.

ఆ కొడుకు తిప్పేశ్, శిల్పశ్రీ మొగుడు. వేరుశనగ పండించే పొలం పలకల కిందికి పోయాక పార్కు గేటు దగ్గర కావలి పనికి కుదిరాడు. పొద్దంతా కుర్చీలో కూర్చొని పలకల వైపు చూడటం అతనికి పడలేదు. పెళ్లయిన ఏడే పడమటి తీరంలోని మల్పె రేవుకు పోయి చేపల బోటెక్కాడు. వలలో పడిన శంఖాన్నో గవ్వనో బోటు చెక్క మీద పెట్టి, ఫొటో తీసి పంపేవాడు. "దీని పేరేంది?" అని అడిగేవాడు. శిల్పశ్రీ వెతికి వెతికి చెప్పేది. లోపల పురుగుంటే సముద్రంలోనే వదిలెయ్యమని రాసేది. వదిలేసినానని అతను రాసేవాడు. ఒకరికొకరు ఇంకా కొత్తగా ఉన్న ఆ ఇద్దరికీ మాట్లాడుకోవడానికి అదొక్కటే దొరికింది. ఆమెకు గవ్వలు తెలిసింది అట్లాగే.

మూడేళ్ల కిందట ఆ బోటు రేవుకు తిరిగి రాలేదు. దాంట్లోని మనుషులూ రాలేదు.

ఈ ఏడు నల్లమ్మ మొగుడి అన్న ఈశ్వరప్ప అరుగు మీద కూర్చొని మాట తెచ్చాడు. ఇంటికి పెద్దదిక్కు ఆయనే.

"ఇంగెన్నాళ్లు ఇట్ల పెట్టుకుంటాం నల్లమ్మా? శవం దొరక్కపోతే దర్భమనిషిని కట్టి కాల్చొచ్చంట. అయ్యవారిని అడిగినా. శిల్పకు తుమకూరులో బీఎడ్డు సీటు వచ్చిండాది. ఈ కార్యం అయిపోతే దాని దారి అది చూసుకుంటాది."

నల్లమ్మ తలూపింది. శిల్పశ్రీ సంచి సర్దుకుంది.

కార్యానికి ముందురోజు ఈశ్వరప్ప దర్భలు తెచ్చి తిప్పేశ్ పొడవుకు మనిషిని కట్టాడు. తలకు టెంకాయ పెట్టాడు. నల్లమ్మ కొడుకు చొక్కా తెచ్చి దానికి తొడిగి, గుండీలు పెట్టింది. అరుగు మీద పడుకోబెట్టిన ఆ గడ్డిమనిషి పక్కనే కూర్చొని సాయంత్రమంతా విసనకర్రతో ఈగలు తోలింది. పార్కు వైపు నుంచి ట్రాన్స్‌ఫార్మర్ల రొద సన్నగా వస్తూ ఉంది.

తెల్లారి అలవాటుకొద్దీ శిల్పశ్రీ చెంబు ముంచుకొని ఫోను తెరిచింది. ఎవరో కొత్తవాళ్లు ఒక ఫొటో పెట్టారు. ఎండకు తెల్లగా పాలిపోయిన శంఖం, లోపల ఇసుక తప్ప ఏమీ లేదు. దాన్ని ఎడమ అరచేతిలో పెట్టుకొని తీశారు. ఉంగరపు వేలికి కొస లేదు. తిప్పేశ్‌కూ ఆ వేలి కొసే వేరుశనగ మిషనులో పోయింది. ఫొటో కింద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు రాసి ఉన్నాయి. "దీని పేరేంది?"

శిల్పశ్రీ వేలు ముంచి నాలుకకు రాసుకుంది. నీళ్లు ఉప్పగా ఉన్నాయి. ఎన్నడూ లేనంత ఉప్పు.

చెంబూ ఫోనూ పట్టుకొని పెరట్లోకి పోయింది. నల్లమ్మ తలస్నానం చేసి జుట్టు పిండుకుంటూ ఉంది.

"అత్తా, ఇవి కొంచెం నోట్లో పోసుకో."

నల్లమ్మ ఒక గుక్క తీసుకుంది. "ఏ గవ్వకి?"

"ఖాళీదానికి."

ఫోను చూపించింది. నల్లమ్మ వేలితో తెర మీద తాకేసరికి బొమ్మ పెద్దదయింది. మొండి వేలు తెర నిండా వచ్చింది. ఆమె చేయి వెనక్కి తీసుకుంది.

"ఎప్పటిదిది?"

"నిన్న పెట్టినాడు. ఉప్పు మాత్రం ఇప్పటిది."

"యాడుండాడు?"

"రత్నగిరి అని రాసిండాది. మహారాష్ట్రలో."

"ఆడినుంచి రావను రైలుండాదా?"

"ఉండాదత్తా."

"మూడేండ్లుగా ఉండాదా ఆ రైలు?"

లోపల ఈశ్వరప్ప ఎవరినో నెయ్యి తెమ్మని అడుగుతున్నాడు.

"పెద్దమామకు చెప్పల్ల కదా" అంది శిల్పశ్రీ. "కార్యం ఆపల్ల కదా."

"నిన్ను రమ్మన్నాడా వాడు?"

"పేరడిగినాడు."

"నీ పేరు కాదు కదా, గవ్వ పేరు." నల్లమ్మ చెంబులో మిగిలిన నీళ్లను తులసికి కాకుండా గోడవారన పారబోసింది. "ఆపితే నీకు మొగుడున్నట్లే, కానీ ఇంట్లో ఉండడు. ఆ అరుగు మీదనే ముసలిదానివైపోతావు. వాడు యాడనో ఒకచోట బతకనీ. కాలేది గడ్డే కదా. నడువు, పొద్దెక్కుతా ఉండాది."

ఊరి బయట, పార్కు కంచెకు ఇవతల, ఈశ్వరప్ప నిప్పు పెట్టాడు. ఎండిన దర్భ గుప్పున అంటుకోవాల్సింది. అది పచ్చికట్టెలా సుయ్యిమంటూ, నీళ్లు చిమ్ముతూ చాలాసేపు కాలింది. టెంకాయ పగిలినప్పుడు నల్లమ్మ చెవులు మూసుకుంది. చల్లారాక చూస్తే బూడిద మీద ఉప్పు తెల్లగా పొరకట్టి ఉంది. ఈశ్వరప్ప దాని మీద రెండు పారల మట్టి వేసి, అందరినీ స్నానాలకు పొమ్మన్నాడు.

ఆ సాయంత్రం చుట్టాలు పోయాక శిల్పశ్రీ అరుగు మీద కూర్చొని ఫొటో కింద జవాబు రాసింది. 'బాబిలోనియా స్పైరాటా.' ఇంకేమీ రాయలేదు. కాసేపు ఎదురుచూసింది. అవతలి నుంచి ఏమీ రాలేదు. చెంబులో వేలు ముంచి నాలుకకు రాసుకుంది.

నీళ్లు చప్పగా ఉన్నాయి.

పారబోసి వేరే నీళ్లు ముంచుకొచ్చింది. ఫొటో మూసి మళ్లీ తెరిచింది. అరచెయ్యి అట్లాగే ఉంది, శంఖం అట్లాగే ఉంది. నీళ్లు ఫిల్టరు నుంచి తెచ్చినప్పటిలాగే తియ్యగా ఉన్నాయి. మూడోసారి తెచ్చినవీ అంతే. పార్కు వైపు చూసింది. పొద్దు వాలుతున్న కొద్దీ పలకలన్నీ ఒక్కటిగా నల్లబడుతున్నాయి.

"శిల్పా" అని లోపల నుంచి నల్లమ్మ పిలిచింది. "చూసినావా?"

"చూస్తా ఉండా అత్తా."

"ఎట్లుండాయి?"

శిల్పశ్రీ లేచి వంటింట్లోకి పోయింది. జాడీలో నుంచి చిటికెడు ఉప్పు తీసి చెంబులో వేసింది. చాలదనిపించి ఇంకొంచెం వేసింది. వేలితో కలిపి, తడి చేతిని చీరకు తుడుచుకొని, నల్లమ్మకు అందించింది.

నల్లమ్మ ఒక గుక్క నోట్లో పట్టుకొని, కళ్లు మూసుకొని, మింగింది. తర్వాత చెంబంతా ఎత్తి తాగేసింది.

"బాగుండాడు" అంది. మూతి తుడుచుకొని, చాలారోజుల తర్వాత గోడకు ఆనుకొని కాళ్లు చాపుకుంది. "పొద్దున బస్సుకు పోతావు కదా. పొయ్యేలోపల ఆ బొమ్మ ఎట్ల తెరిచేదో నాకు నేర్పిచ్చి పో. నా ఫోన్లో పెట్టు. చెంబు ఈడనే ఉండనీ. రోజూ నేనే చూసుకుంటా."

"అది నీకు చాతకాదత్తా."

"ఎందుకు చాతకాదు? బొమ్మ తెరిచేదే కదా."

శిల్పశ్రీ ఖాళీ చెంబు తీసుకుపోయి వంటింట్లో ఉప్పుజాడీ పక్కన బోర్లించింది.

మరునాడు తుమకూరు బస్సు సందు మొదట ఆగి హారను కొట్టింది. నేత్రావతి గోడ మీద నుంచి, "శిల్పా, బస్సు" అని కేకేసింది. బస్సు ఇంకోసారి హారను కొట్టి వెళ్లిపోయింది. నల్లమ్మ అరుగు మీద కాచుకొని కూర్చుంది. వంటింట్లో శిల్పశ్రీ చెంబు నిండా నీళ్లు ముంచి, ఉప్పుజాడీ మూత చప్పుడు కాకుండా తీస్తూ ఉంది.