ముందు గది నేల

మోకాళ్ల కింద గోనెపట్టా మడిచి వేసుకుని, మేస్త్రి కొత్తగా పరిచిన బండను రబ్బరు సుత్తితో తట్టి చెవి ఒగ్గాడు. బోలుగా పలికితే కింద సిమెంటు సరిగా చేరలేదన్న మాట. ఇది గట్టిగానే పలికింది. దాని మీద రసమట్టం పెట్టి, గాజుగొట్టంలో బుడగ నడిమధ్యకు వచ్చి నిలిచేదాకా ఊపిరి బిగబట్టి చూశాడు. తోటివాళ్లు అతన్ని మట్టం మేస్త్రి అనేది ఇందుకే. చుట్టాలింటికి వెళ్లినా మనుషుల మొహాలకన్నా ముందు నేల వాలు చూసే రకం. మోకాళ్లు మటుకు ఎప్పుడో అరిగిపోయాయి, గోనె లేనిదే వంగలేడు. ఇంట్లో దాచుకున్న పట్టాలేమో ఎప్పుడూ మాయమవుతూనే ఉంటాయి. ఎలుకల్ని తిట్టుకుని మళ్లీ కొత్తది తెచ్చుకుంటాడు.

ఇవాళ పని కొత్తగా కడుతున్న నాట్యశాల వరండాలో. ఇంకో రోజైతే సంబరపడిపోయేవాడే. సాయంత్రం బస్సుకు కూతురు వెళ్లిపోతోంది. డాన్సు కాలేజీకి కాదు, పిన్ని ఉండే ఊళ్లో అకౌంట్ల కోర్సుకు.

ఆ పిల్లకు ఏడేళ్లప్పుడే డాన్సు టీచరు అతన్ని పిలిచి ఒక మాట చెవిన వేసింది. "కాలేజీలో డాన్సే చదవాలంటే, పెద్దయ్యాక చూద్దాంలే అంటే కుదరదండీ. ఇప్పట్నుంచే రోజూ ఇంట్లో సాధన చెయ్యాలి. ఆ డిగ్రీ ఉంటే మంచి బృందాల్లో జీతమిచ్చి పెట్టుకుంటారు."

డిగ్రీల సంగతి అతనికి అంతుపట్టలేదు గానీ, ముందే మొదలుపెట్టాలన్న మాట తెగ నచ్చింది. పునాది గురించి అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. ఆ నెలలోనే ముందు గదిలో పాత మట్టినేల తవ్వేసి, కాంక్రీటు పోసి, పెద్దవాళ్ల ఇళ్లలో పని అయ్యాక మిగిలిన నల్లబండలు అడిగి తెచ్చి పరిచాడు. రాత్రి దీపం వెలుగు అందులో కనిపించేది. ఆ గదిలో కుర్చీ అన్నది పెట్టనివ్వలేదు. "వచ్చినవాళ్లను నెత్తిన కూర్చోబెట్టుకోవాలా?" అని భార్య దెప్పేది. పిల్ల తెల్లవారకుండానే ఆ బండల మీద ఎగిరేది, అడుగులు వేసేది. మేస్త్రి టీ గ్లాసుతో గోడకు చేరగిలబడి, పిల్లనూ నేలనూ మార్చి మార్చి చూసుకునేవాడు. తన బతుకులో అంతకు మించిన సుఖం అతను ఎరగడు.

ఈ ఏడు కాలేజీవాళ్ల ఎంపికకు కొద్దిరోజుల ముందు పిల్ల మంచం దిగలేకపోయింది. రెండు కాళ్లలోనూ మోకాలి కింది ఎముక చిట్లిందనీ, పాత పగుళ్లు మానకముందే మళ్లీ మళ్లీ చిట్లిందనీ డాక్టరు తేల్చాడు. ఇక ఎగిరే పని పెట్టుకోవద్దన్నాడు. "ఇంట్లో ఏ నేల మీద సాధన చేస్తావమ్మా?" అని అడిగాడు కూడా. మేస్త్రి గర్వంగా నోరు తెరవబోయాడు. పిల్ల గబుక్కున అందుకుని, "ఇంట్లో చెయ్యనండీ. టీచరుగారింట్లోనే, చెక్క మీద" అంది.

పచ్చి అబద్ధం. నాన్న వేసిన నేల పేరు చెప్పుకోవడానికి కూడా నామోషీ కాబోలనుకుని అతను చిన్నబుచ్చుకున్నాడు. ఆ ఉక్రోషంతోనే, "పాలు తాగవే అంటే విన్నావా?" అని దారంతా సాధించాడు.

మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకుని హాల్లోకి వెళ్లాడు. లోపల వడ్రంగి నేలకు చెక్కపలకలు బిగిస్తున్నాడు. మేస్త్రి వాటి మీద కాలు పెట్టి ఉలిక్కిపడ్డాడు.

"ఇదేం పనయ్యా, అడుగేస్తే దిగుతోంది!"

"దిగాలి మేస్త్రీ. అందుకే కింద రబ్బరు ముక్కలు పెట్టాం. డాన్సు చేసేవాళ్లకి నేల కాస్త లొంగాలి. నీ బండల మీద ఎగిరితే దెబ్బంతా ఎముక్కే. కొన్నేళ్లకి చిట్లి ఊరుకుంటుంది."

"రాయి... రాయి అంత పని చేస్తుందా?"

"నీ మోకాళ్లకి గోనె ఎందుకేసుకుంటావు మరి?" అని వడ్రంగి నవ్వాడు.

మేస్త్రి డబ్బా మూత తియ్యలేదు. కలిపిన సిమెంటు తొట్టెలోనే గడ్డకడుతుందని తెలిసి కూడా, జీవితంలో మొదటిసారి పని మధ్యలో వదిలేసి ఇంటికి నడిచాడు.

పిల్ల ముందు గదిలో గోడ పట్టుకుని నిలబడి సంచి జిప్పు లాగుతోంది.

"అమ్మలూ, ఆ రోజు డాక్టరుకి అబద్ధం ఎందుకు చెప్పావు?"

"ఇప్పుడదంతా దేనికి నాన్నా?"

"ఈ నేలే కదూ?"

పిల్ల వంగి నల్లబండను అరచేత్తో తుడిచింది. "నీ నేలకేం, బంగారం. నా ఎముకలే పీలవి. పాలు తాగలేదుగా" అని నవ్వబోయింది.

ఆ పిల్ల కాళ్లు రెండూ పట్టుకుని ఏడవాలనిపించింది మేస్త్రికి. బస్సు దగ్గర, ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ కలిపి ఆగుతూ ఎక్కుతున్న కూతుర్ని చూస్తూ, "కిటికీ పక్కన కూర్చో తల్లీ" అని మాత్రం అనగలిగాడు. బస్సు కదిలింది.

ఇంటికి రాగానే నేల పగలగొట్టడానికి గడ్డపార కోసం మంచం కిందకు వంగాడు. చేతికి ఏదో మెత్తగా తగిలింది. బయటకు లాగాడు. పాత బొంత.

భార్య గుమ్మంలోనే ఆగిపోయింది. "మీరు పనికెళ్లాక అది పరుచుకుని చేసేది. మీ చెప్పుల చప్పుడు వినగానే మడిచి తోసేసేది. నేల చలిగా ఉందేమో అనుకున్నానండీ, నాకేం తెలుసు" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మేస్త్రి గడ్డపార వదిలేసి, ఆ బొంతను బండల మీద పరిచాడు. రెండు పొరల మధ్య, మాయమైన అతని గోనెపట్టాలన్నీ వరసగా పేర్చి కుట్టి ఉన్నాయి. మడమలు పడే చోట రెండు చిల్లులు అన్ని పొరల్నీ దాటి, కింద రాయి కనిపించేదాకా అరిగిపోయి ఉన్నాయి.