లోపలి ఇటుక

కుడిచేతికి రెండు వేళ్ళు లేవేమని మా బమెండా పట్నం సంతలో ఎవరైనా అడిగితే, బట్టీలో కాలిపోయాయని చెప్తుంటాను. మీకైతే నిజమే చెప్తాను. వాటిని తీసినవాడి పేరెత్తితే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, అయినా చెప్తాను.

నా పేరు మంకా. ఇటుకలు కోసి బతుకుతాను. నా చెల్లెలు స్విరి బడిలో టీచరు. సర్కారు మీద తిరగబడి అడవిలో చేరిన తుపాకుల మూక బళ్ళన్నీ మూయించాక దానికి పని పోయింది. సర్కారు బడిలో చదివితే పిల్లలు సర్కారుకి బానిసలవుతారట! పాఠం చెప్తూ దొరికినవాళ్ళకి చావే. పక్క ఊళ్ళో ఒక ముసలి మాస్టార్ని ఆయన బడి గుమ్మానికే వేలాడదీశారు.

అలాగని స్విరి ఊరుకుందా? ఊరుకునే రకమైతే నాకీ గోల ఎందుకు! నా ఇటుకల ఆవరణలోనే పాఠాలు మొదలుపెట్టింది. చూసేవాళ్ళకి మాత్రం పిల్లలు నాకు మట్టి తొక్కి పెడుతున్నట్టు ఉండాలి. అందుకని పలకల్లేవు, పుస్తకాల్లేవు.

"అక్కా, అన్ని పక్కలా సమానంగా ఉండే చిన్న ఇటుకలు కోసిపెట్టవే," అంది ఒకనాడు.

"వాటితో ఏం కడతావే, ఎలకలకి ఇళ్ళా?"

"లెక్కలు కడతా."

తిడుతూనే అచ్చు చేయించాను. పిడికిలంత ఇటుకలు. పొడుగు రెండు, వెడల్పు రెండు, ఎత్తు రెండు పేరిస్తే ఎనిమిది. మూడేసి పేరిస్తే ఇరవై ఏడు. పిల్లలు దాని చుట్టూ తిరిగి, కింది చెక్కల సందులోంచి అడుగు కూడా చూసి లెక్కపెట్టి, కాదు ఇరవై ఆరేనని పోట్లాడేవాళ్ళు. అప్పుడు స్విరి పైది తీసి చూపించేది. నట్టనడుమ ఇంకొకటి ఉండేది, ఏ పక్కనుంచీ కనబడకుండా.

"కళ్ళకి ఇరవై ఆరే అందుతాయర్రా. ఈ లోపలిదాన్ని బుర్ర పట్టుకోవాలి," అనేది.

నా కూతురు లూమ్‌కి ఆ లోపలి ఇటుకంటే మహా ముద్దు. దానికి 'కడుపులో పాప' అని పేరు కూడా పెట్టింది.

నా భయం నాది. ఆవరణ చివర పెద్ద ఇటుకల దొంతిని నడుమ బోలుగా పేర్చాను, ఒక మనిషి ముడుచుకుని కూర్చునేంత. వెనకనుంచి నాలుగు ఇటుకలు లాగితే లోపలికి దారి.

ఒక పొద్దున పాఠం మధ్యలో బైకుల చప్పుడు వినబడింది. స్విరిని దొంతిలోకి తోసి ఇటుకలు మూసేశాను. పిల్లలు మట్టిగుంటలోకి దూకి తొక్కడం మొదలుపెట్టారు. చెక్కల మీద పేర్చిన ఇరవై ఏడు ఇటుకలు మాత్రం అలాగే ఉండిపోయాయి. చూసుకునేసరికి వాళ్ళు లోపలికి వచ్చేశారు.

వచ్చినవాడు ఆ మూక నాయకుడు, జనరల్ కత్తెర. పేరు చూడండి వాడి మొహం! అసలు పేరు నెబా. గొడవలు రాకముందు స్విరి దగ్గరే చదివాడు, చెక్క దిమ్మెలు పేర్చి ఇవే లెక్కలు నేర్చాడు. ఇప్పుడేమో జన్మలో బడి గడప తొక్కలేదని తన మనుషుల దగ్గర కోతలు కోస్తాడు. వాడి వెనకాల ఒంటికన్నువాడొకడు, ఇంకో ఇద్దరు.

"టీచరమ్మ ఎక్కడే?" అన్నాడు నెబా.

"చచ్చింది. మట్టెయ్యడానికి నువ్వు రాలేదేం?"

తుపాకీ మడమతో దవడ పగలగొట్టాడు. పన్ను ఊడి నోట్లో తిరిగింది. పడిపోయిన నన్ను ఒంటికన్నువాడు కడుపులో తన్నాడు, అరుపు ఆగేదాకా తన్నాడు. మిగతా ఇద్దరూ నీళ్ళకుండలు బద్దలుకొట్టి నా పాకకి నిప్పుపెట్టారు. గుంటలో పిల్లలు ఏడుస్తూనే మట్టి తొక్కుతున్నారు.

అప్పుడు నెబా చెక్కల మీది ఇటుకల్ని చూశాడు.

"ఇదేంటి?"

"పిల్లకాయల ఆట."

లూమ్‌ని రెక్క పట్టి ఈడ్చుకొచ్చి, మెడకి కత్తి ఆనించాడు. "చెప్పవే, ఇందులో ఎన్నున్నాయి?"

ఇరవై ఏడంటే అయిపోయామన్నమాటే. నేర్పిన మనిషి ఇక్కడే ఉందని తెలిసిపోతుంది. తెలీదను తల్లీ, తెలీదను, అని రక్తం మింగుతూ లోలోపల మొత్తుకుంటున్నాను. తొమ్మిదేళ్ళ పిల్ల. మెడ మీద కత్తి పెట్టుకునే ఆ ఇటుకల్ని తేరిపార చూసింది.

"ఇరవై ఆరు," అంది.

ఓసి నా పిచ్చితల్లీ! చదువురాని పిల్లయితే తొమ్మిదంటుంది, లేదా వందంటుంది. సరిగ్గా ఆ లోపలి ఒక్కదాన్నే వదిలేసి ఎవరు చెప్తారు? నెబాకి తెలిసిపోయింది. వాడి చూపు మెల్లగా నా దొంతి మీదికి వెళ్ళి అక్కడే ఆగింది.

వంగి పై ఇటుక తీసి పక్కన పెట్టాడు. నడిమిదాన్ని అరచేతిలోకి తీసుకున్నాడు.

"అది చెప్పింది ఒప్పేనా?" అని ఒంటికన్నువాడు.

"తప్పు. దీనికి బడి వాసనే లేదు."

"తప్పని నీకెలా తెలుసు?"

నెబా మొహం నల్లబడింది. వాణ్ణి చెంప మీద ఒక్కటి పీకాడు. వాడు కింద ఉమ్మేసి, "అయితే ఆ దొంతి కూడా విప్పి చూద్దాం," అంటూ అటు నడవబోయాడు.

నెబా ఒక్క ఉరుకున వచ్చి నా కుడిచెయ్యి లాగి ఇటుకల అచ్చు మీద అదిమాడు. కత్తి దిగింది. నా రెండు వేళ్ళు మట్టిలో పడ్డాయి. నేను వేసిన కేకకి గుంటలో పిల్లలు ఒకర్నొకరు వాటేసుకున్నారు.

"ఇక ఇది ఆటబొమ్మలు కొయ్యదు. పదండ్రా, ఈ పొగ చూసి సైన్యం వచ్చేస్తుంది!"

వెళ్తూ వెళ్తూ ఒంటికన్నువాడు అక్కసు కొద్దీ దొంతి మీద తూటాలు కుమ్మరించాడు. ఎర్రదుమ్ము లేచింది. లోపల్నుంచి చిన్న మూలుగు కూడా రాలేదు.

వాడు మంచివాడని మాత్రం నా దగ్గర అనకండి. పాఠం చెప్పిన మనిషి మీద జాలో, చదువుకున్నవాడన్న గుట్టు బయటపడుతుందన్న భయమో వాడికే తెలియాలి. నా వేళ్ళు పోయాయి, నాకు తెలిసింది అదే.

బైకుల చప్పుడు దూరమవగానే మిగిలిన వేళ్ళతోనే ఇటుకలు లాగాను. లూమ్ కూడా లాగింది. ఒళ్ళంతా దుమ్ముతో స్విరి బయటికి పాకింది. ఒక చెవినుంచి రక్తం కారుతోంది, మనిషి బతికే ఉంది. తలగుడ్డ విప్పి నా చేతికి బిగించి కట్టింది. తర్వాత లూమ్ వైపు తిరిగింది.

"ఇరవై ఆరేంటే? ఎన్నిసార్లు చెప్పాను! లోపలిదాన్ని మర్చిపోతావా?"

లూమ్ బావురుమంది.

"మర్చిపోలేదు పిన్నీ. లోపల ఉన్నది నువ్వు కదా. నిన్ను తీసేసి చెప్పాను."