తొమ్మిది దగ్గర ఆగిన ముల్లు

నేను ఒక క్లైనోమీటర్‌ని. అరచేతిలో ఇమిడే ఇత్తడి పెట్టెను, అద్దం కింద రెండు ముళ్లున్నదాన్ని. ఒకటి ఉత్తరం చూపుతుంది. రెండోది కిందికి వేలాడుతూ, రాతిపొర ఎన్ని డిగ్రీలు వాలి ఉందో చెబుతుంది. ఉత్తరాదిన ఒక చిన్న కార్ఖానాలో ఒక ముసలాయన నా మీద గీతలు ఒక్కొక్కటే చెక్కాడు. గీత గీతకూ పెదవులు కదిపేవాడు. లెక్కపెట్టాడో, జపం చేశాడో నాకు ఇప్పటికీ తెలియదు.

మొదట ఒక గనుల సర్వేయరు జేబులో ఇరవై ఏళ్లు తిరిగాను. రాతి మీద ఆనించినప్పుడల్లా నాకు కలలాంటిది వచ్చేది. ఎప్పటిదో సముద్రం, అడుగున నిదానంగా పేరుకునే బురద, ఆపైన ఎవరో నిద్రలో ఒత్తిగిలినట్టు నేలంతా ఒక పక్కకు వాలడం. ఆ వాలును భగవంతుడు ఏ లెక్కన పెట్టాడోనని అనుకునేదాన్ని. ఒకనాడు సర్వేయరు చేయి జారి నా అద్దం ఒక మూల పగిలింది. ఆ ఏడే రిటైరై, నన్ను నంద్యాల వైపు ఒక కాలేజీకి ఇచ్చేశాడు.

అక్కడ జియాలజీలో చేరే పిల్లల్లో సగం మంది లెక్కలకు భయపడి వచ్చినవాళ్లే. రాళ్లకు లెక్కలెందుకు అనుకుంటారు. మద్దిలేటి సారు మొదటి రోజే బోర్డు మీద త్రిభుజం గీసేసరికి ముఖాలు వాడిపోతాయి. అందరికంటే ఎక్కువ వాడినది చౌడేశ్వరి ముఖం. పదో తరగతి లెక్కలు రెండోసారికి గట్టెక్కిన పిల్ల. కాలేజీ మానేస్తాను, టీసీ ఇవ్వండని అర్జీ రాసి సంచిలో పెట్టుకుంది. రాళ్లు చూడ్డానికి వెళ్తూ, అక్కడ కూడా లెక్క తప్పితే మర్నాడే ఇచ్చేస్తానని బస్సులో పక్కపిల్లతో చెప్పడం నేను విన్నాను.

బేతంచెర్ల అవతల ఒక ఎండిన వంకలో నల్లటి పొర ఒకటి నేలపైకి తేలి ఉంది. అది వాలిన వైపు చదును నేల మీద నూరు మీటర్లు నడిస్తే నీళ్లు లేని పాత బావి. అదే పొర బావిలో ఎంత లోతున కనబడుతుందో ముందే చెప్పాలి, తర్వాత తాడు వదిలి చూస్తాం అన్నాడు సారు. కాలేజీలో ఉన్న క్లైనోమీటరు నేనొక్కదాన్నే. సారు నన్ను చౌడేశ్వరి చేతిలో పెట్టాడు. ఆ చేయి చెమటతో తడిసి ఉంది.

మూడుసార్లు ఆనించింది. మూడుసార్లూ తొమ్మిది డిగ్రీలే చూపాను. ఆమె తొమ్మిదికి టాన్ విలువ వెతికి, నూరుతో హెచ్చవేసి, పదహారు మీటర్లంది. మీటరుకో ముడి వేసిన తాడు బావిలోకి దిగింది. ఇరవై అయిదో ముడి దగ్గరగానీ నల్లపొర రాలేదు.

"నిన్ను చూసి పొర గూడ కిందికి దిగిపోయినట్టుండాది మే," అన్నాడు క్లాసులోని హనీఫ్. అందరూ నవ్వారు.

చౌడేశ్వరి దూరంగా వెళ్లి కూర్చుంది. సంచిలోంచి అర్జీ తీసింది. అయిపోయిందనుకున్నాను. ఆమె దాన్ని తిరగేసి, వెనక ఖాళీలో అడ్డంగా నూటికి ఒక గీత, నిలువుగా ఇరవై అయిదుకు ఒక గీత గీసింది. రెండు కొసలూ కలిపి, కోణమానిని పెట్టి చాలాసేపు చూసింది. లేచి కాగితం పట్టుకుని సారు దగ్గరికి వచ్చింది.

"సార్, లెక్క తప్పు కాదు సార్. పద్నాలుగు డిగ్రీలు రావల్ల. ముల్లే అబద్ధం చెప్తాండాది."

సారు నన్ను ఎండకెత్తి చూశాడు. తొమ్మిదో గీత పక్కన ఎండిన గంధం గడ్డ, ముల్లుకు అడ్డంగా. ఆ ముందు వారమే ఆయుధపూజ. పగిలిన మూల నుంచి గంధం లోపలికి జారింది.

"నేనే పెట్టినా సార్," అన్నాడు వెంట వచ్చిన అటెండరు సుంకన్న తల గోక్కుంటూ. "పాతది గదా అని రోంత దండిగా పెట్టినా."

సారు సన్నటి పుల్లతో గంధం తీసి కళ్లకద్దుకున్నాడు. మళ్లీ రాతికి ఆనించాడు. పద్నాలుగు. అప్పుడు నన్ను కాదు, చౌడేశ్వరిని చూశాడు. "ఇంగ నువ్వే చెప్పుమ్మా వీళ్లకు," అని సుద్దముక్క ఆమె చేతికిచ్చాడు. ఆమె బండ మీద త్రిభుజం గీసింది. హనీఫే మొదట ముందుకు జరిగి కూర్చున్నాడు.

నన్ను అంతగా నమ్మి పూజించినవాడిది తప్పని నేను అనలేను. నన్ను నమ్మినంతగా తనను నమ్మడానికి ఆ పిల్లకు అంతసేపు ఎందుకు పట్టిందన్నదే నాకు తెగని ప్రశ్న.

ఇప్పుడు అద్దాల బీరువాలో ఒక చెక్కపెట్టెలో ఉన్నాను. దసరాకు సుంకన్న ఆ పెట్టె మూత మీదే బొట్టు పెడతాడు. పెట్టెలో నా కింద చౌడేశ్వరి మడిచి పెట్టిన కాగితం ఒకటుంది. ఒక వైపు టీసీ అర్జీ. ఆ వైపు ఎవరూ చదవలేదు. రెండో వైపు త్రిభుజం మీద తల పెట్టుకుని, నేను ఆ పాత సముద్రాన్ని కలగంటాను.